తల్లి వదిలేసిందని చెప్పాను

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఏం చేస్తారని ఎవరడిగినా "పిల్లలు తీస్తాం" అని చెప్పేవాణ్ణి. హేచరీల్లో పనిచేసే వాళ్లందరి మాటా అదే. గుడ్లు సెట్టర్‌లో పెడతాం, పద్దెనిమిదో రోజున హేచర్‌లోకి మారుస్తాం, ఇరవై ఒకటో రోజున పిల్లలు తీస్తాం. ఈ మొత్తం వరసలో కోడి ఎక్కడా రాదు. ముప్ఫై ఒక్క ఏళ్లు ఈ మాట అన్నాను. కోడి రాలేదన్న సంగతి ఒక్కసారీ తట్టలేదు.

షాద్‌నగర్ రోడ్డులో ఉండేది ఆ హేచరీ. 37.5 డిగ్రీల వేడి నిలకడగా ఉండాలి, గంటకోసారి ట్రేలు ఇటునుంచి అటు ఒరగాలి, తేమ తగ్గకూడదు, కరెంటు పోతే జనరేటర్ అందుకోవాలి. ఎన్ని గుడ్లు పెడితే ఎన్ని పిల్లలు వచ్చాయన్న శాతమే నా పరువు. అది పడిపోయిన వారం ఇంట్లో అందరి మీదా విసుక్కునేవాణ్ణి. పెరిగిన వారం అడగనివాళ్లకి కూడా చెప్పేవాణ్ణి. మాది గుడ్ల జాతి కోళ్ల హేచరీ కాబట్టి పెట్టలే కావాలి. పుంజు పిల్లల్ని పుట్టిన రోజునే ఏరేసేవాళ్లం. కొన్ని రంగులద్ది జాతర్లలో అమ్మేవాళ్ల గంపల్లోకి వెళ్లేవి. మిగతావాటిని ఆ రోజే చంపేసేవాళ్లు. రిజిస్టర్‌లో సంతకం నాది. శాతం లెక్కగట్టేటప్పుడు మాత్రం ఆ పుంజులు కూడా నా ఖాతాలోకే వచ్చేవి. అప్పట్లో దాన్ని గురించి నాకు నిద్రపట్టని రాత్రి ఒక్కటీ లేదు. ఉందని రాస్తే బాగుంటుంది గానీ, లేదు.

రిటైరయ్యాక రాజేంద్రనగర్‌లో, ఉప్పర్‌పల్లి ఇంట్లో కుదురుకున్నాం. ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ నంబరు చెబితే తప్ప ఆటోవాళ్లకు దొరకని సందు మాది. కాస్త అటు నడిస్తే వ్యవసాయ విశ్వవిద్యాలయం, వెటర్నరీ కాలేజీ, వరి పరిశోధన సంస్థ పొలాలు. వనరాజా, గ్రామప్రియ కోళ్లను తయారుచేసిన కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ కూడా ఇక్కడే. పొద్దున ఆ పొలాల గట్ల వెంట నడిచేటప్పుడు వరి కంకుల మీద మునియా పిట్టలు గుంపుగా వాలి, మనిషి అలికిడికి ఒక్కసారిగా లేచేవి. వాటిని చూస్తుంటే నాకూ పిట్టలు పెంచాలన్న కోరిక పుట్టింది. మన మునియాల్ని పట్టి పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అందుకని వాటి దూరపు చుట్టాలైన జీబ్రా ఫించ్‌లను తెచ్చుకున్నాను. అవి ఆస్ట్రేలియా పిట్టలు. తరతరాలుగా పంజరాల్లోనే పుట్టి పెరుగుతున్నాయి.

ఎందుకు తెచ్చావని అడిగిన వాళ్లందరికీ మనవరాలి కోసమని చెప్పాను. కూతురూ అల్లుడూ డాలస్‌లో ఉద్యోగాలు మారి, ఇల్లు మారి సతమతమవుతున్న సమయంలో ఏడేళ్ల పాపను ఏడాదిపాటు మా దగ్గర ఉంచారు. పాప మాట కొంత నిజమే. కానీ నా లోపల ఇంకొకటి ఉంది. నాకు పొదిగే తల్లిని చూడాలని ఉండేది.

చిన్నప్పుడు ఊళ్లో చూశాను. మా నాయనమ్మ గంపలో వరిగడ్డి పరిచి గుడ్లు పెట్టి, నాటుకోడిని కూర్చోబెట్టి, గదిలో చీకటి మూలకు జరిపేది. రోజుకోసారి అది దిగి, నాలుగు గింజలు తిని, నీళ్లు తాగి, రెట్ట వేసి పరుగున వెళ్లి మళ్లీ కూర్చునేది. నేను గంప దగ్గరికి పోతే నాయనమ్మ అరిచేది. "ముట్టకు. ముడితే లేస్తది. లేస్తే గుడ్లు సల్లారుతయ్." హేచరీలోకి వచ్చాక ఆ దృశ్యం మళ్లీ కంటపడలేదు. పొదుగు మీద కూర్చున్న కోడి గుడ్లు పెట్టడం ఆపేస్తుంది. ఆపేస్తే నష్టం. అందుకే తెల్ల లెగ్‌హార్న్ లాంటి జాతుల్లో కూర్చునే గుణం లేనివాటినే ఏరి, వాటి సంతతినే పెంచుకుంటూ వచ్చారు. తరాలు గడిచేసరికి ఆ కోళ్లు తమ గుడ్డు వైపు తిరిగి చూడటం మరిచిపోయాయి. ఆ మరుపు మీదే నా జీతం నడిచింది.

డాబా మీద ఓ మూల ఎనిమిది అడుగుల పొడవున జాలీ బిగించాను. పడమటి ఎండ రాకుండా గ్రీన్ నెట్ కట్టాను. మూడు జోడీలు తెచ్చాను. బుగ్గల మీద నారింజ రంగు మచ్చ, పక్కల గోధుమ రంగు మీద తెల్ల చుక్కలు ఉన్నవి మగవి. బూడిదరంగులో సాదాగా ఉన్నవి ఆడవి. పాట మగదే పాడుతుంది. మా సందు చివర దానా, పంజరాలు అమ్మే ముసలాయన ఒకరున్నారు. నలభై ఏళ్లుగా పిట్టలు పెంచుతున్నారు. అందరితో పాటు నేనూ ఆయన్ని చాచా అంటాను. కొర్రలు, వరిగలు, గుడ్లు పెట్టే రోజుల్లో సున్నం కోసం సముద్రపు నురుగు, ఉడకబెట్టిన కోడిగుడ్డు పొడి, స్నానానికి వెడల్పాటి మూకుడు, అన్నీ ఆయన చెప్పినవే. "మూడు జోడీలకు ఆరు మట్టి కుండలు కట్టండి సాబ్, అన్నీ ఒక్క ఎత్తులో" అన్నారు. నేను మూడే కట్టాను, మెట్లలాగా ఒకదాని పైన ఒకటి. చూడ్డానికి అలా బాగుందనిపించింది. అన్నీ పై కుండ కోసమే కొట్టుకున్నాయి. ఒక ఆడదాని తల మీద ఈకలు ఊడాక గానీ నేను ఆయన మాట వినలేదు. లక్షల గుడ్లు పొదిగించిన నాకు దానా కొట్టు ఆయన చెప్పేదేమిటన్న భావం ఉండింది. పైకి ఎప్పుడూ అనలేదు, వినయంగానే తలూపేవాణ్ణి.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి, తొందరగా చెప్పేస్తాను. గూటి సామానని దూదీ పొడుగు దారాలూ ఇచ్చాను. ఒకదాని కాలికి దారం బిగుసుకుని కుండకు వేలాడింది. సకాలంలో కత్తిరించి తీశాను. ఆ తర్వాత పొట్టిగా తెంపిన కొబ్బరి పీచు, ఎండు గరిక ఇచ్చాను. అవి మోసుకుపోతుంటే చూడటం నాకు ముచ్చటగా ఉండి, గూడు పూర్తయ్యాక కూడా రోజూ పెడుతూ పోయాను. ఎదుట పీచు కనబడుతుంటే మగది కడుతూనే ఉంటుంది. అప్పటికే పెట్టిన గుడ్ల మీద ఇంకో పొర కప్పేసింది, ఆడది ఆ పొర మీద మళ్లీ గుడ్లు పెట్టింది. కింది గుడ్లు అక్కడే చల్లారిపోయాయి. నా ముచ్చట కోసం జరిగింది అది.

జోడీల సంగతి మాత్రం తొందరగా దాటలేను. నాకు తెల్ల పిట్టలు కావాలనిపించింది. మూడు మగవాటిలో ఒకటి తెల్లది, ఒక ఆడదీ తెల్లది. కానీ ఆ తెల్ల ఆడది మామూలు బూడిదరంగు మగదాని పక్కన చేరి, ఒకదాని మెడ ఒకటి సవరించుకుంటూ కూర్చునేది. నేను వాటిని విడదీసి, తెల్లవి రెండింటినీ వేరే పంజరంలో ఉంచాను. నెలన్నర ఉంచాను. ఆడది కడ్డీ మీద ఒక కొసన కూర్చునేది, మగది ఇంకో కొసన. జాలీ అవతల బూడిదరంగుది పాడితే ఈవిడ అటు తిరిగేది. కొన్ని గుడ్లు పెట్టింది. ఒక్కదానిలోనూ ప్రాణం లేదు. టార్చి లైటు మీద పెట్టి చూస్తే లోపల నరాల గీత ఉండాలి, ఏమీ లేదు.

తర్వాత తెలిసింది, జర్మనీలో ఇదే పిట్టల మీద ఇదే పని శాస్త్రీయంగా చేసి చూశారని. మాలికా ఇహ్లే, బార్ట్ కెంపెనార్స్, వోల్ఫ్‌గాంగ్ ఫోర్స్ట్‌మైయర్ 2015లో ప్రచురించారు. ఆడ ఫించ్‌లకు నచ్చిన మగవాణ్ణి ఎంచుకోనిచ్చారు. తర్వాత సగం జోడీలను కలిసి ఉండనిచ్చి, మిగతా సగాన్ని విడదీసి వేరేవాటితో బలవంతంగా జతకట్టారు. ఇష్టపడి కలిసిన వాటి దగ్గర బతికిన పిల్లలు 37% ఎక్కువ. బలవంతపు జోడీల్లో ప్రాణం పోసుకోని గుడ్లు దాదాపు మూడు రెట్లు. పుట్టిన పిల్లలు కూడా మొదటి రెండు రోజుల్లో ఎక్కువగా పోయాయి, తండ్రి గూడును సరిగా పట్టించుకోక. ఆ పిల్లల్లో రక్తదోషం ఏమీ లేదు. కూర్చోవాలన్న మనసు తండ్రికి లేదు, అంతే.

వాళ్లు తెలుసుకోవడానికి చేశారు, నేను రంగు కోసం చేశాను. ఆ నెలన్నరలో రోజుకు రెండు సార్లు ఆ పంజరం ముందు నిలబడేవాణ్ణి. ఆడది ఎటు తిరిగి కూర్చుంటోందో నాకు తెలుసు. తెలిసే ఉంచాను. ఆమె లొంగుతుందని నా నమ్మకం. అది పిట్ట మీద నమ్మకమా అని ఇప్పుడు అడుక్కుంటే, కాదు, నా పట్టుదల మీద నమ్మకం.

చివరికి విసిగి పంజరం తలుపు తెరిచాను. నా మనసు మారి తెరిచానని చెప్పుకోను. ఓడిపోయి తెరిచాను. రెండు వారాల్లో తెల్లదీ బూడిదరంగుదీ ఎడమ కొస కుండలో గూడు కట్టుకున్నాయి. సెప్టెంబరులో ఐదు గుడ్లు పెట్టాయి. జీబ్రా ఫించ్ గుడ్డు గ్రాము బరువు ఉంటుంది. జీవితమంతా యాభై, అరవై గ్రాముల గుడ్డు పట్టుకున్న చేతికి అది చిక్కుడు గింజలా అనిపించింది. పన్నెండు నుంచి పధ్నాలుగు రోజులు పొదగాలి. ఆడదీ మగదీ వంతులు వేసుకుంటాయి. ఒకటి వచ్చి కుండ అంచు మీద వాలుతుంది, లోపలిది సన్నగా ఏదో అంటుంది, ఇది లోపలికి దూరాక అది బయటికి వస్తుంది. ఇన్నేళ్లు నేను చూడాలనుకున్నది నా డాబా మీద, అరచేతి వెడల్పు కుండలో జరుగుతోంది.

నాకు ఏమీ తోచేది కాదు.

ఈ మాట ఒప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది. అక్కడ నేను చేయవలసింది ఏమీ లేదు. ట్రే ఒరిగించక్కర్లేదు, పిట్టే ముక్కుతో గుడ్లను దొర్లించుకుంటోంది. వేడి చూడక్కర్లేదు. తేమ చూడక్కర్లేదు. ఇరవై నాలుగు గంటలూ జరుగుతున్న ఒక పని చుట్టూ, ఆ పని తెలిసిన మనిషిని, ఖాళీ చేతులతో తిరుగుతున్నాను. రోజుకు నాలుగైదుసార్లు స్టూలు వేసుకుని కుండలోకి తొంగిచూసేవాణ్ణి. చాచా వద్దన్నారు. బాగా బెదిరితే ఫించ్‌లు గూడు వదిలేస్తాయని నాకూ తెలుసు. అయినా చూశాను. బాగున్నాయో లేదో అని ఆందోళన అనుకునేవాణ్ణి. బాగానే ఉన్నాయని ప్రతిసారీ కంటికి కనబడుతూనే ఉంది కదా, ఇక ఆందోళన దేనికి?

తొమ్మిదో రోజు పొద్దున స్టూలు ఎక్కేసరికి కుండలో పిట్ట లేదు. ఆడది మూకుట్లో స్నానం చేస్తోంది. మగది కడ్డీ మీద పాడుతోంది. పావుగంట చూశాను. మా ఆవిడ మెట్ల మీంచి "వస్తుందేమో, కాసేపు ఆగండి" అంది. హేచరీలో కరెంటు పోతే పావుగంటకి మేం కంగారుపడేవాళ్లం కాదు. గుడ్డు అంత తొందరగా చల్లారదు. హైదరాబాద్ సెప్టెంబరులో, ఆ ఎండలో, అసలే చల్లారదు. నాయనమ్మ కోడి కూడా రోజుకోసారి దిగేది. ఇవన్నీ తెలిసిన మనిషిని నేను. తెలిసీ, "వదిలేశాయి" అని గట్టిగా, నాకు నేనే వినబడేలా అన్నాను. కిందికి వెళ్లాను. థర్మోకోల్ పెట్టె, బల్బు, థర్మోస్టాట్, చిన్న ఫ్యాను, నీళ్ల గిన్నె, తేమ చూసే మీటరు బయటికి తీశాను. గంటలో ఇంక్యుబేటర్ తయారైంది.

అంత తొందరగా ఎలా తయారైందంటే, సామానంతా నెల ముందే తెచ్చి పెట్టుకున్నాను.

ఐదు గుడ్లూ తీసి పెట్టాను. ఆ నాలుగు రోజులు నేను చాలా సంతోషంగా ఉన్నాను. రాత్రి రెండింటికి లేచి వేడి చూశాను. వేళకు గుడ్లు తిప్పాను. పాపను కూర్చోబెట్టి టార్చి మీద గుడ్డు పెట్టి లోపల కదులుతున్న ప్రాణం చూపించాను. "నువ్వే తల్లివా తాతా?" అని నవ్వింది. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

పదమూడో రోజున మూడు పిల్లలు వచ్చాయి. కోడిపిల్ల పుట్టేటప్పుడు పచ్చసొన మిగులు దాని కడుపులోకి చేరుతుంది. రెండు మూడు రోజులు తిండి లేకపోయినా అది బతుకుతుంది. అందుకే వంద పిల్లల్ని అట్టపెట్టెలో సర్ది బస్సు మీద వేసి పంపగలిగేవాళ్లం. పుట్టాక వాటి సంగతి మాకు పట్టేది కాదు. ఫించ్ పిల్ల అలా కాదు. కళ్లు తెరవదు, ఒంటి మీద పలచని నూగు తప్ప ఏమీ ఉండదు, గ్రాము కూడా తూగదు. తల్లీ తండ్రీ తమ పొట్టలో నానబెట్టిన గింజను కక్కి నోట్లో పోయాలి, రోజంతా పోయాలి. ఉడికిన గుడ్డు సొన నీళ్లలో కలిపి, పుల్ల కొసతో అందించాను. అవి మెడ మెలితిప్పి నోరు తెరిచాయి. ఆ నోరు ఎంత చిన్నదో, నా వేలు ఎంత మొద్దో అప్పుడు తెలిసింది. ఒకటి ఆ రాత్రే పోయింది. మిగతా రెండూ మర్నాడు మధ్యాహ్నానికి పోయాయి.

పాప బడినుంచి వచ్చి అడిగింది. అప్పటికి పెట్టె మడిచి అటక మీద పెట్టేశాను.

"చనిపోయాయమ్మా. తల్లి వదిలేసింది కదా, అందుకని."

ఆలోచించి చెప్పిన మాట కాదది. నోట్లో సిద్ధంగా ఉంది, వచ్చేసింది. నాలుగు రోజులుగా నాకు నేను చెప్పుకుంటున్న మాటే కాబట్టి అబద్ధమని కూడా అనిపించలేదు. పాప ఏమీ అనలేదు. డాబా మీదికి వెళ్లి జాలీ ముందు కూర్చుంది. చాలాసేపయ్యాక కిందికి దిగి వచ్చి, "మరి అది కుండలోకి వెళ్లి వస్తోంది తాతా. వదిలేస్తే ఎందుకు వెళ్తోంది?" అంది. నేను టీవీ శబ్దం పెంచాను.

ఆ రాత్రి వీడియో కాల్‌లో పాప వాళ్లమ్మకు చెప్పింది, పిట్టపిల్లల్ని తల్లి వదిలేసిందట, చచ్చిపోయాయట అని. అవతల కూతురు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత హోంవర్కు సంగతి అడిగింది. ఫోన్ పక్కనే కూర్చుని ఉన్నాను. నా అబద్ధం ఎక్కడ తగిలిందో నాకు కనబడింది. అప్పుడైనా నోరు తెరవలేదు. తెరవడానికి పదకొండు రోజులు పట్టింది.

ఆ పదకొండు రోజుల్లోనే ఒక పరిశోధన సంగతి చదివాను. ఆస్ట్రేలియాలోని డీకిన్ విశ్వవిద్యాలయంలో మైలీన్ మారియెట్, కేథరిన్ బుకానన్ 2016లో ప్రచురించినది. ఎండ ముదిరి 26 డిగ్రీలు దాటినప్పుడు, పొదుగు చివరి రోజుల్లో, జీబ్రా ఫించ్ తల్లిదండ్రులు గుడ్లతో ఒక ప్రత్యేకమైన పిలుపుతో మాట్లాడతాయట. లోపలి పిల్ల ఆ పిలుపు వింటుంది. బయట వేడిగా ఉందని గ్రహించి, పుట్టాక దానికి తగినట్టు కాస్త తక్కువ ఒళ్లు చేస్తుంది. అలా పెరిగినవే పెద్దయ్యాక ఎక్కువ పిల్లల్ని కంటాయట. కుండలోంచి ఆడది సన్నగా ఏదో అనేదని పైన రాశాను. అది వంతు మార్చుకునేటప్పుడు మగదానితో అనే మాట అనుకున్నాను. గుడ్లతో కూడా ఏమైనా అంటుండేదేమో. నేను సరిగ్గా చివరి నాలుగు రోజుల్లో వాటిని తీసుకెళ్లి ఫ్యాను హోరులో పెట్టాను.

కోడి కూడా పొదుగు ఆఖర్లో గుడ్లతో మాట్లాడుతుంది, లోపలి పిల్ల కిచకిచమని జవాబిస్తుంది. నాయనమ్మ గంప దగ్గర చెవి పెట్టి విన్నాను చిన్నప్పుడు. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఎన్ని గుడ్లు ఆ హోరు విని పుట్టాయో. పుంజుల కోసం అప్పుడు పట్టని నిద్రలేమి ఈ మూడు పిల్లల వెనక వచ్చింది. ఇది పశ్చాత్తాపమేనా అని కూడా నాకు అనుమానమే. లక్షల్లో పోయినప్పుడు కలగనిది మూడు పోతే కలిగిందంటే, ఈసారి ఎదురుగా ఒక పిల్ల నిలబడి అడిగింది కాబట్టేనా? ఎవరూ అడగకపోతే ఇదీ శాతంలో కలిసిపోయేదేమో.

ఒక ఆదివారం పాపకు చెప్పాను. "తల్లి వదల్లేదమ్మా. స్నానానికి దిగింది. నేనే తీసేశాను." ఎందుకని అడిగింది. "నేను చేయగలనని చూపించాలనిపించింది." పాప కొంచెం ఆలోచించి, "అమ్మకు చెప్పావా?" అంది. పిట్టకు ఎలా చెప్తానమ్మా అనబోయి ఆగాను. పాప అడిగింది వాళ్లమ్మ గురించి.

కూతురికి చెప్పడం మాత్రం కష్టమైంది. పిట్టల కథ చెప్పడం తేలికే. దాని వెనకాలిది చెప్పాలి. పాపను జనవరిలోనే తీసుకెళ్తామని కూతురు ఆగస్టులో అంది. నేనే వద్దన్నాను. బడి మధ్యలో చెడుతుంది, ఇక్కడ బాగా అలవాటుపడింది, మీరు ముందు కుదురుకోండి అని. అన్నీ న్యాయమైన కారణాలే, ఒక్కటీ అబద్ధం లేదు. అయితే ఫోన్ పెట్టేశాక నాకు కలిగిన తృప్తి ఉంది చూడండి, అది న్యాయమైన కారణాల వల్ల వచ్చింది కాదు. పాప రాత్రి భయపడి లేచి వాళ్లమ్మను కాకుండా నన్ను పిలిచిన రోజు కూడా అలాంటి తృప్తే కలిగింది. కూతురు దూరాన పావుగంట ఆలస్యం చేస్తే చాలు, థర్మోకోల్ పెట్టె నా దగ్గర సిద్ధంగా ఉంది.

ఇదంతా ఆ రోజు ఫోన్‌లో ఇంత చక్కగా చెప్పలేదు. "నువ్వు వదిలేశావని పాప అనుకుంటోందేమో, ఆ మాట నా వల్ల వచ్చింది. జనవరిలోనే తీసుకెళ్లు" అన్నాను. కూతురు "సరే నాన్నా" అంది. కోపంగా అందో, ఊరటగా అందో నాకు తెలియలేదు. అడిగితే చెప్పేదేమో. భయమేసి అడగలేదు.

సంక్రాంతి వెళ్లిన వారంలో శంషాబాద్‌లో పాపను విమానం ఎక్కించాం. ఇంటికి తిరిగొచ్చి నేను నేరుగా డాబా మీదికి వెళ్లాను.

ఎడమ కొస కుండలో అవే రెండూ మళ్లీ గూడు కట్టుకున్నాయి. పీచు కావలసినంత వేసి, గూడు పూర్తవగానే తీసేశాను. స్టూలు కింద ఇంట్లో పెట్టాను. దానా, నీళ్లు మార్చడానికి రోజూ ఒకే వేళకు వెళ్లి, ఆ కుండ వైపు ముఖం తిప్పకుండా వస్తున్నాను. ఎన్ని గుడ్లు పెట్టిందో నాకు తెలియదు. ఎప్పుడు పెట్టిందో కూడా ఉజ్జాయింపుగానే తెలుసు. ఇదేదో నేను నేర్చుకున్నాననుకుని, ఒక రోజు కొర్రలు కొనడానికి వెళ్లినప్పుడు చాచాతో అన్నాను, "ఇరవై రోజులైంది, ఒక్కసారి కూడా తొంగిచూడలేదు." ఆయన తక్కెడలో గింజలు పోస్తున్నవారల్లా ఒక్క క్షణం నా ముఖం చూసి, మళ్లీ తూకం చూసుకున్నారు. ఏమీ అనలేదు. నా గొంతు నాకే వినబడింది. "ఈ వారం శాతం పెరిగింది" అని చెప్పేటప్పటి గొంతే అది. చూడటం మానేశాను గానీ, లెక్కపెట్టడం మానలేదు. చూడని రోజుల్ని లెక్కపెడుతున్నాను.

మొన్న పొద్దున ఏడింటికి దానా పోస్తుంటే కుండలోంచి శబ్దం వచ్చింది. ఆకలిగొన్న పిల్లలది, బొంగురుగా, అన్నీ ఒక్కసారి అరిచినట్టు. చేతిలో డబ్బా అలాగే ఉండిపోయింది. తెల్లది కుండ అంచు మీద వాలి లోపలికి దూరింది. శబ్దం ఇంకా పెరిగింది, కాసేపటికి తగ్గింది.

ఫోన్ తీసి కూతురికి చేశాను. అక్కడ ముందురోజు సాయంత్రం. పాప తీసింది.

"ఎన్ని పిల్లలు తాతా?"

"తెలీదమ్మా."

"చూడలేదా?"

"లేదు. అవే బయటికి వస్తాయి, మూడు వారాలకు."

ఫోన్ జాలీకి ఆనించి పట్టుకున్నాను. బూడిదరంగుది వచ్చి కుండ మీద వాలింది, మళ్లీ ఆ బొంగురు అరుపులు. అవతల ఎవరూ మాట్లాడలేదు, వింటున్నారని మాత్రం తెలుస్తోంది. తర్వాత కూతురు పాపతో ఏదో మెల్లగా చెప్పింది. పాప నవ్వింది. నాకు ఆ మాట వినపడలేదు. ఏమందని అడగాలనిపించింది. అడగలేదు.